జమ్మి ఆకు పెట్టిన టికెట్ మిషన్లు

పెళ్లిళ్లలో ఎవరైనా పక్కన కూర్చుని "మీరు ఏం చేసేవారు?" అని అడిగితే "సిటీ బస్సు డిపోలో పని చేశాను" అంటాను. "డ్రైవరా, కండక్టరా?" అని రెండో ప్రశ్న వస్తుంది. రెండూ కాదంటే, ఏదో గుమాస్తా అయి ఉంటాడని వాళ్లకు వాళ్లే తేల్చుకుని భోజనాల వైపు లేస్తారు. నేను టికెట్ మిషన్లు బాగుచేసేవాణ్ణి. కండక్టర్ మెడలో వేలాడే ఆ చిన్న పెట్టె పొద్దున ప్రాణంతో గేటు దాటాలి, డ్యూటీ దిగేటప్పుడు ప్రాణంతో తిరిగి రావాలి. నడుమ ఏం జరిగినా పూచీ నాది. పాతబస్తీ బండ్లకు ఆ పని చేసినవాడు దేశంలో ఏ ఊళ్లోనైనా చేయగలడని నా నమ్మకం. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువేనని మా ఇంటావిడ అంటుంది. అననివ్వండి.

ఈ మధ్య ఈ పనిలో కొత్తగా చేరే పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని ట్రైనింగ్ సెంటర్ వాళ్లు నన్ను పిలుస్తున్నారు. అక్కడ నోటితో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి, సీనియారిటీ తగాదాలు, ఎవరికి ఏ క్వార్టర్ వచ్చింది అన్నవి ఇందులో ఉండవు. అవి ఏ ఉద్యోగంలోనైనా ఒకటే.

నేను చేరేనాటికి కండక్టర్ చేతిలో ట్రే ఉండేది. రంగురంగుల టికెట్ల కట్టలు వరసగా బిగించిన రేకు పలక అది. టికెట్ చింపి, దిగే స్టేజీ దగ్గర పంచ్‌తో చిల్లు పొడిచి ఇచ్చేవారు. తర్వాత మీటలు నొక్కే మిషన్లు వచ్చాయి. డిపోలో ఎలక్ట్రీషియన్‌గా ఉన్న నన్ను వాటి దగ్గర కూర్చోబెట్టారు. చివరికి ఇప్పుడు మీరు చూస్తున్న, అద్దం మీద వేలు పెడితే పలికే మిషన్లు వచ్చాయి. ఏ కాలపు మిషన్‌కైనా శత్రువులు మాత్రం మారలేదు. ఉప్పుగూడ రైల్వే గేటు దగ్గర దుమ్ము, వాన పడితే మలక్‌పేట వంతెన కింద నీళ్లు, చార్మినార్ దగ్గర ఒకరి మీద ఒకరు పడే జనం, కండక్టర్ ఒంటి చెమట, చాయ్ చుక్కలు. మిషన్ తయారుచేసిన వాళ్లు ఇవన్నీ కొంతవరకు ఊహించారు. వాళ్లు ఊహించనిది ఒకటుంది. దాని గురించే ఎక్కువ చెబుతాను.

ముందు బండెక్కు

నాకు పని నేర్పింది ఖాన్ సాబ్ అని మా పాత ఫోర్‌మన్. మనిషి కోపిష్టి. పాన్ నమిలేటప్పుడు తప్ప తిట్టడం ఆపేవాడు కాదు. కానీ ఆయన చెప్పిన ఒక్క మాట మీదనే నా ఉద్యోగమంతా నడిచింది.

ఒక మిషన్ పదే పదే నా దగ్గరకు వచ్చేది. మధ్యాహ్నం అయ్యేసరికి టికెట్ రాదని కండక్టర్ ఫిర్యాదు. విప్పి చూస్తే అన్నీ బాగుండేవి. నేను ప్రింటర్ మార్చాను. మళ్లీ వచ్చింది. ఇంకో ప్రింటర్ మార్చాను. మళ్లీ వచ్చింది. మూడో ప్రింటర్ కోసం స్టోర్స్‌కు పోతుంటే ఖాన్ సాబ్ అడ్డం నిలబడ్డాడు.

"బండెక్కినవా?" అన్నాడు.

"లేదు సాబ్."

"పహలే బస్ మే బైఠ్, ఫిర్ పేచ్‌కస్ పకడ్. స్క్రూడ్రైవర్ పట్టుకుంటే మెకానిక్ అయితరనుకున్నవా? బండెక్కి చూడు, అది ఏం కష్టపడ్తున్నదో."

ఎక్కాను. మధ్యాహ్నం కాలేజీలు వదిలే సమయానికి బండి నిండిపోయింది. కండక్టర్ ఫుట్‌బోర్డు మీద నిలబడి రాడ్‌ను కావలించుకున్నాడు. ఛాతీకీ రాడ్‌కూ మధ్య మిషన్ నలిగి, కాగితం చుట్ట ఉండే మూత కొద్దిగా తెరుచుకుంది. మూత తెరుచుకుంటే టికెట్ రాదు. నేను ఆ మూతకు ఒక రబ్బరు బ్యాండు వేశాను. ఆ మిషన్ మళ్లీ నా బల్ల మీదికి రాలేదు.

అప్పటి నుంచి ఫిర్యాదు రాగానే ముందు బండెక్కేవాణ్ణి, మిషన్ విప్పడం తర్వాత. ఏసీ గదిలో కూర్చుని కంప్యూటర్‌లో లోపాలు చూసే పిల్లలకు ఇది నచ్చదు. నచ్చకపోయినా చెబుతాను. మిషన్ పని చేసేది మీ బల్ల మీద కాదు కదా!

యాదగిరి వేలు

అద్దం మిషన్లు మా డిపోకు ముందు పరీక్ష కోసం వచ్చాయి. ఇక్కడ నడిస్తే మిగతా చోట్లకు ఇస్తారు. మా డిపో మేనేజర్ పట్టుబట్టి తెప్పించుకున్నాడు. పాతబస్తీలో ఇవి నడవవని పైవాళ్లు అంటే, నడిపించి చూపిస్తానని మాట ఇచ్చి వచ్చాడు. మీటల మిషన్లన్నీ అప్పటికే వెనక్కి పంపేశారు.

కండక్టర్లలో అందరికంటే గొంతు పెద్దది యాదగిరిది. ఛత్రినాకలో ఉండేవాడు. పాల వ్యాపారం చేసే కుటుంబం. డ్యూటీకి రాకముందే గడ్డి కోసి, బర్రెల పని చేసుకుని వచ్చేవాడు. ట్రే కాలంలో ఆయన టికెట్ చింపుతుంటే చూడటానికి ముచ్చటగా ఉండేది. కళ్లు జనం మీద ఉండేవి, వేళ్లు వాటంతట అవే కట్ట వెతుక్కునేవి. అలాంటివాడు కొత్త మిషన్ల మీటింగులో అందరి ముందూ లేచి నిలబడ్డాడు.

"సార్, గీ అద్దం ముక్క నడ్వది. మీది మీరు ఎత్కపోండి. గరీబోళ్ల బండ్లల్ల గిసువంటి ఆటలొద్దు!"

మేనేజర్ మొహం ఎర్రబడింది. ఆ మాట ఆయన మరిచిపోలేదు. అది తర్వాత తెలిసింది.

నేను నా పద్ధతి ప్రకారం యాదగిరి బండెక్కాను. ఆయన అద్దం మీద వేలు పెడుతున్నాడు, అది పలకడం లేదు. మళ్లీ పెడుతున్నాడు. గట్టిగా నొక్కుతున్నాడు. వేలును నాలుకకు రాసి పెడితే ఒక స్టేజీకి బదులు ఇంకో స్టేజీ వస్తోంది. ఎదురుగా కూరగాయల గంప పెట్టుకుని కూర్చున్న ఒకామె నవ్వింది.

"ఏంది యాదగిరీ, మిషన్ నిన్ను గుర్తుపడ్తలేదా?"

బండంతా నవ్వింది. యాదగిరి నవ్వలేదు. ఆ మొహం చూశాను. ఆయన కోపం మిషన్ మీద కాదని అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్లు పేరు తెచ్చిన తన చేతులు నలుగురిలో తనను ఓడిస్తున్నాయి. దాన్ని తట్టుకోలేక అరుస్తున్నాడు.

బండి దిగాక ఆయన చెయ్యి పట్టుకుని చూశాను. వేళ్ల కొసలు ఎండిన చెక్కలా ఉన్నాయి. కొడవలి, గడ్డి, పేడ, పంచ్ కలిసి చర్మాన్ని దళసరి చేసేశాయి. ఆ అద్దానికి మెత్తటి చర్మం, కొద్దిగా తేమ కావాలి. అవి లేకపోతే వేలు తగిలినట్లే దానికి తెలియదు.

"యాదన్నా, మిషన్ల తప్పులేదు, నీల తప్పులేదు. వేళ్లు మెత్తగ కావాలె, అంతే."

"గీ వయసుల వేళ్లు మెత్తగ చేసుకునుడేంది, నవ్వులాటనా?"

ఆయన కోడలు సుజాత ఛత్రినాకలోనే బ్యూటీ పార్లర్ నడుపుతుంది. నేను వాళ్ల ఇంటికి పోయి ఆమెకు సంగతి చెప్పాను. ఆ అమ్మాయి ఒక్క క్షణం నవ్వు ఆపుకుని, మామగారిని పార్లర్‌కు రమ్మంది. "పార్లర్ల నేను కూసుంటే గల్లీ మొత్తం వచ్చి చూస్తది" అని యాదగిరి మొండికేశాడు. సరే, ఇంట్లోనే మొదలుపెట్టింది. రోజూ గోరువెచ్చని నీళ్లలో చేతులు నానబెట్టి, రాయితో రుద్ది, వాసెలిన్ పట్టించేది. బర్రెల దగ్గరకు పోవాలంటే చేతులకు తొడుగులు తప్పనిసరి అంది.

దసరా దగ్గర పడుతుండగా ఒక మధ్యాహ్నం యాదగిరి నా సెక్షన్‌లోకి పరుగున వచ్చాడు. మెడలో మిషన్ ఊగుతోంది.

"నర్సింహా! విన్నదే! ఒక్క ముట్టుడుకే విన్నది!"

నా ముందు టికెట్ మీద టికెట్ కొట్టబోతుంటే ఆపాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి, దాచుకోవడం ఎందుకు.

పూజ

మా డిపోలో దసరా పూజ ఎప్పటి నుంచో ఉంది. ట్రేల కాలంలో ట్రేలు, పంచ్‌లు కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, ముందర కొబ్బరికాయ కొట్టేవారు. రేకు కాబట్టి దానికేమీ కాదు. మీటల మిషన్లు వచ్చాక వాటిని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లం, బీరువాకే బొట్టు పెట్టి పూజ అయిందనిపించేవాళ్లం. కొత్త మిషన్లకు బీరువా లేదు, చార్జింగ్ స్టాండ్లు మాత్రమే ఉన్నాయి.

ఆ దసరాకు సాయంత్రం బండ్లు తగ్గించారు. మిషన్లన్నీ డిపోకు చేరాయి. నేను నా సెక్షన్‌లో స్క్రూడ్రైవర్లకు, సోల్డరింగ్ ఐరన్‌కు బొట్టు పెట్టుకుని ఇంటికి పోయాను. పండగ పూట ఇంట్లో నా కోసం చూస్తారు. నేను వెళ్లాక యాదగిరి జమ్మి ఆకు తెచ్చాడట. మీకు తెలిసిందే, మా దగ్గర దసరా సాయంత్రం జమ్మిని బంగారం అంటారు. పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు మొక్కుతారు, కొందరు ఏడాదంతా పర్సులో దాచుకుంటారు. యాదగిరి మిషన్లను బల్ల మీద వరసగా పేర్చాడు. "ఇన్ని దినాలు దీన్ని తిట్టిన. ఇయాల మంచిగ మొక్కుత" అన్నాడట. తడిపిన పసుపు, కుంకుమ, అక్షింతలు, కొబ్బరికాయ అన్నీ శాస్త్రోక్తంగా జరిగాయి. చివరికి ప్రతి మిషన్ మూత తెరిచి, కాగితం చుట్ట పక్కన ఒక జమ్మి ఆకు పెట్టాడు. తర్వాత అందరూ వాటిని అలాగే చార్జింగ్ స్టాండ్ల మీద పెట్టి ఇళ్లకు పోయారు.

మర్నాడు పొద్దున్నే మొదటి షిఫ్ట్ కండక్టర్లు మిషన్లు ఎత్తుకుంటే ఒక్కటీ వెలగలేదు.

పేరు కావాలి

నేను డిపోకు పోయేసరికి ఆవరణలో బండ్లు వరసగా ఆగి ఉన్నాయి. మేనేజర్ నా సెక్షన్‌లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. పండగకు ఊరెళ్లిన జనం తిరిగొచ్చే రోజు అది. యాదగిరి బయట మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

మేనేజర్ తలుపు మూసి నాతో అన్నాడు.

"రాత్రి మిషన్లన్ని యాదగిరి చేతులల్లనే ఉన్నయట. ఆ దినం మీటింగుల ఏమన్నడు? నడ్వదన్నడు. నడ్వకుండ చేసి చూపించిండు. నర్సింహా, ముందు అతని నంబర్ సిస్టంల నుంచి తీసెయ్యి. సస్పెన్షన్ సంగతి నేను చూసుకుంట."

ఇక్కడ కొత్తవాళ్లకు ఒక మాట చెప్పాలి. ప్రతి కండక్టర్‌కు మిషన్‌లో ఒక నంబర్ ఉంటుంది. అది కొడితేనే మిషన్ తెరుచుకుంటుంది, ప్రతి టికెట్ కింద అదే అచ్చవుతుంది. ఆ నంబర్ తీసేస్తే అతను ఏ మిషన్ ముట్టుకున్నా తెరుచుకోదు. అనుమానం మీద ఒకసారి తీసిన నంబర్ మళ్లీ పెట్టినా, ఆ మచ్చ పోదు. యాదగిరికి రిటైర్‌మెంట్ ఎంతో దూరం లేదు. దొంగచాటుగా మిషన్లు చెడగొట్టాడన్న పేరుతో ఇంటికి పంపితే, ఆ మనిషి ఛత్రినాక గల్లీలో తలెత్తుకుని నడవలేడు. ఆ నంబర్ తీసే పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది.

మేనేజర్ చెడ్డవాడు కాదు. మిషన్ కంపెనీ వాళ్ల ఒప్పందంలో, తడి తగిలి చెడిపోతే బాధ్యత తమది కాదని ఉంది. పైవాళ్లు ఎవరు చేశారని అడుగుతారు. ఆఫీసుల్లో వస్తువు విరిగితే దానికి ఒక మనిషి పేరు కావాలి. పేరు దొరికితే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఎందుకు విరిగింది అన్న సంగతి తర్వాత ఎవరూ అడగరు. నేను చూసిన తప్పుల్లో ఇంతకంటే పెద్దది లేదు.

"తీయను సార్" అన్నాను.

"ఏంది?"

"మిషన్ ఎందుకు చెడిందో చెప్పుడు నా పని. నేను చెప్పకముందే మనిషిని తీసెయ్యమంటే నా చెయ్యి ఆడది. మీరు కుర్చీల కూసోండి. మీ ముందరనే విప్పుత."

ఒక మిషన్ తీసి కాగితం మూత తెరిచాను. చుట్ట తడిసి ముద్దయింది. దాని పక్కన మడత పెట్టిన జమ్మి ఆకు ఉంది, ప్రింటర్ సందులో నాలుగు అక్షింతలు ఉన్నాయి. ఇంకో మిషన్ తెరిచాను. అందులోనూ జమ్మి ఆకు. ఇంకోటి తెరిచాను. అందులోనూ అంతే. అడుగున చార్జింగ్ పిన్నుల మీద పసుపు, కొబ్బరి నీళ్లు కలిసి ఎండి జిగురుగా పట్టాయి. అందుకే రాత్రంతా స్టాండు మీద ఉన్నా చార్జింగ్ ఎక్కలేదు.

ఆ ఆకులు వరసగా బల్ల మీద పెట్టాను.

"సార్, చెడగొట్టాలనుకున్నోడు ప్రతి మిషన్ల బంగారం పెడ్తడా?"

మేనేజర్ ఒక ఆకు తీసుకుని వేళ్ల మధ్య తిప్పాడు. తర్వాత తన పర్సు తెరిచాడు. అందులో ముందురోజు సాయంత్రం పెట్టుకున్న జమ్మి ఆకు ఉంది.

"మా నాయన స్కూటర్ డిక్కీల పెడ్తుండె" అన్నాడు. "పిలువు అతన్ని."

యాదగిరి లోపలికి వచ్చాడు. ఏం చేశావని అడిగితే దాచలేదు.

"కొబ్బరికాయ కొట్టిన సార్. తడి పసుపు పెట్టిన. ట్రేలకు పెట్టలేదా? పంచ్‌లకు పెట్టలేదా? ఎన్నడు లేని లొల్లి ఇప్పుడేంది?"

నేను పిన్నుల మీది జిగురు చూపించాను. ఆయన వంగి చూశాడు. అంత పెద్ద గొంతు ఒక్కసారి చిన్నదైపోయింది.

"నా చేతనే సచ్చినయా నర్సింహా?"

"సావలేదన్నా. కడుపుల ఇంత తడి చేరింది. లేపుత, నువ్వు ఫికర్ చెయ్యకు."

"మధ్యాహ్నం కల్లా లేస్తయా?" అని మేనేజర్ అడిగాడు.

"లేస్తయి. మిషన్లు నడిస్తే ఇగ ఎవరి పేరెందుకు సార్?" అన్నాను.

ఆయన నా వైపు, యాదగిరి వైపు చూశాడు. "ముందు నడిపించు" అని మాత్రం అన్నాడు.

ట్రే

అప్పటిదాకా బండ్లు ఆపలేం కదా. క్యాష్ సెక్షన్ గదిలో అత్యవసరానికి దాచిన పాత టికెట్ కట్టలు, ట్రేలు ఉన్నాయి. బయటికి తీయించారు. తీరా చూస్తే కొత్త కండక్టర్లలో ఎవరికీ ట్రే పట్టుకోవడమే రాదు. వాళ్లంతా మిషన్ల కాలంలో చేరినవాళ్లు. రజియా అని అప్పటికి కొత్తగా వచ్చిన అమ్మాయి ట్రేను అటూ ఇటూ తిప్పి చూసింది.

"యాదగిరి చాచా, దీనికి స్విచ్ ఎక్కడుంది?"

అంత దిగులులోనూ అందరూ నవ్వారు. యాదగిరి కళ్లు తుడుచుకుని ముందుకు వచ్చాడు. ట్రే ఆమె ఎడమ చేతి మీద పెట్టి, వేళ్లు ఎలా చాపాలో చూపించాడు.

"గిట్ల పట్టు బిడ్డా. కట్టను బొటనవేలుతోటి కొంచెం లేపు. గుంజకు, చింపు. స్టేజీ నంబర్ల పంచ్ కొట్టు. ముందు టికెట్ చెయ్యిల పెట్టు, తర్వాత పైసల్ తీస్కో. జనం మస్తున్నప్పుడు వెనక నుంచి ముందుకు రా."

"చాచా, తప్పు స్టేజీల కొడితే?"

"ఇంకో టికెట్ చింపు. భయపడితే వేళ్లు ఆగిపోతయి. నువ్వు బెదరకు, నేను ముందు బండిల్నే ఉంట."

మొదటి బండి యాదగిరే తీసుకున్నాడు. ఆయన గేటు దాటుతుంటే మేనేజర్ వరండాలో నిలబడి చూశాడు, ఆపలేదు. నంబర్ తీసెయ్యమన్న మాట ఆయన నోట మళ్లీ రాలేదు. తర్వాత రజియా బండి, ఆ వెనక మిగతావి కదిలాయి. ఆ రోజు ఆలస్యంగానైనా మా డిపో బండ్లు రోడ్డెక్కాయి.

హెయిర్ డ్రయర్లు

నేను మిషన్ల మీద పడ్డాను. బ్యాటరీలు తీసేసి, స్పిరిట్‌లో ముంచిన మెత్తటి పళ్ల బ్రష్‌తో పిన్నులు, ప్రింటర్ తుడిచాను. లోపలి తడి ఆరాలి. ఎండలో పెడితే అద్దం పాడవుతుంది. వర్క్‌షాప్‌లో ఉన్న హీటర్ గాలి మరీ వేడి, ప్లాస్టిక్ వంకర పోతుంది. మెత్తటి వెచ్చని గాలి కావాలి. అప్పుడు నాకు సుజాత గుర్తొచ్చింది.

ఫోన్ చేస్తే పార్లర్ మూసి స్కూటీ మీద వచ్చింది. సంచిలో జుట్టు ఆరబెట్టే డ్రయర్లు ఉన్నాయి. తన దగ్గరవే కాక పక్క పార్లర్‌వి కూడా అడుక్కొచ్చింది. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపి ఏముందని అడిగితే "మిషన్లకు పెండ్లి మేకప్" అందట. నా బల్ల దగ్గరకు వచ్చి మిషన్లను చూసి నోరు నొక్కుకుంది.

"అన్నా, మా మామయ్య చేతులకు పెట్టిన క్రీము కూడ తేవాల్నా వీటికి?"

నవ్వుతూనే డ్రయర్ పట్టుకుంది. ఎంత దూరం నుంచి పట్టాలో, ఎంతసేపు ఒకే చోట ఆపకూడదో ఆమెకు నేను చెప్పనక్కర్లేకపోయింది. నేను తుడవడం, ఆమె ఆరబెట్టడం. ఒక్కొక్కటీ బ్యాటరీ పెట్టి చార్జింగ్ మీద పెడుతుంటే, మొదటి మిషన్ బీప్ అంది. ఆ శబ్దం నా ఉద్యోగంలో లెక్కలేనన్ని సార్లు విన్నాను. ఆ రోజు విన్నంత సంతోషంగా ఎప్పుడూ వినలేదు. సుజాత గట్టిగా చప్పట్లు కొట్టింది. మేనేజర్ తన గదిలోంచి వచ్చి చూసి, అందరికీ చాయ్ తెప్పించాడు.

యాదగిరి మొదటి ట్రిప్పు ముగించుకుని వచ్చేసరికి మిషన్లు చాలావరకు వెలుగుతున్నాయి. ఒక మిషన్ తీసి ఆయన చేతికిచ్చాను. నంబర్ కొట్టాడు. మిషన్ తెరుచుకుంది. ఆయన దాన్ని కళ్లకు అద్దుకోబోయి ఆగాడు.

"అద్దుకోవచ్చునా?" అని అడిగాడు.

"అద్దుకో అన్నా. కండ్లకు తడుంటే తుడుచుకుని అద్దుకో."

ఏం నేర్చుకున్నాం

మేనేజర్ పైవాళ్లకు తన మాటల్లో తనే చెప్పుకున్నాడు. పండగ పూజలో తడి తగిలిందని, మిషన్లు నడుస్తున్నాయని, తప్పు శిక్షణలో ఉందని చెప్పాడు. ఆ ఒక్క పనికి ఆయనంటే నాకు ఈ రోజుకూ గౌరవం. కోపంలో తప్పు మాట అనడం ఎవరైనా చేస్తారు. అన్న మాటను అదే రోజు వెనక్కి తీసుకోగలిగిన అధికారిని నేను ఎక్కువమందిని చూడలేదు.

కంపెనీ వాళ్లు ఇచ్చిన శిక్షణ పుస్తకంలో వాన గురించి ఉంది, ఎండ గురించి ఉంది, కింద పడితే ఏం చేయాలో ఉంది. దసరా గురించి లేదు. ఈ దేశంలో అన్నం పెట్టే పనిముట్టుకు మనిషి బొట్టు పెడతాడని ఆ పుస్తకం రాసినవాళ్లకు తట్టలేదు. నాకూ తట్టలేదు కదా, నా స్క్రూడ్రైవర్లకు నేనే బొట్టు పెట్టి వచ్చిన రోజున. పిల్లలూ, మీ చేతికి కొత్త పరికరం వస్తే, దాన్ని వాడే మనిషి దానితో ఎట్లా బతుకుతాడో ముందు చూడండి. తిడతాడా, ముద్దు పెట్టుకుంటాడా, అన్నం తినేటప్పుడు ఎక్కడ పెడతాడు, పండగకు ఏం చేస్తాడు, అన్నీ చూడండి. తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టుకోండి.

ఆ రోజు ఒక మిషన్ ఎంత చేసినా లేవలేదు. దాన్ని పారేయనివ్వలేదు. మరుసటి దసరా నుంచి మా డిపోలో ఆ మిషన్‌కే పూజ. అన్ని మిషన్ల తరఫున అది పళ్లెంలో కూర్చుంటుంది. దానికి ఎంత పసుపు కావాలంటే అంత, ఎన్ని కొబ్బరికాయలు కావాలంటే అన్ని. పనిచేసే మిషన్లు దూరంగా, పొడిగా తమ స్టాండ్ల మీద ఉంటాయి. పూజ పళ్లెం అలంకరించే రోజు రజియా బంతిపూలు తెచ్చిస్తుంది. "నేను ట్రే నేర్చుకున్న పండగ ఇది" అంటుంది. ఆ పద్ధతి తర్వాత వేరే డిపోలకూ పాకిందని విన్నాను. ఎవరు మొదలుపెట్టారో అక్కడివాళ్లకు తెలియదు. నాకు తెలుసు, అది చాలు.

తెల్ల కాగితం

యాదగిరి నాకంటే ముందు రిటైరయ్యాడు. చివరి డ్యూటీ రోజు నన్ను పట్టుబట్టి తన బండెక్కించాడు. ఛత్రినాక దగ్గర పడుతుండగా నా సీటు దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

"టికెట్" అన్నాడు.

"పాస్ ఉంది కదా యాదన్నా."

"పాస్ జేబుల పెట్టు. ఇయాల నా చెయ్యితోటి టికెట్ తీస్కో. పైసలు నేనే కడ్త."

అద్దం మీద వేలు పెట్టాడు. ఒక్క ముట్టుడుకే పలికింది. టికెట్ చింపి నా చేతిలో పెట్టి, పండగ రోజు జమ్మి ఇచ్చినట్లు నా చేతిని రెండు చేతులతో మూశాడు. ఆ వేళ్లు మెత్తగా ఉన్నాయి.

ఈ మిషన్ల టికెట్ వేడితో అచ్చయ్యే రకం, సిరా ఉండదు. కొన్నాళ్లకు అక్షరాలు వాటంతట అవే చెరిగిపోతాయి. ట్రైనింగ్ సెంటర్‌కు పోయినప్పుడు నా పర్సులోంచి ఆ కాగితం తీసి పిల్లల చేతుల్లో తిప్పిస్తాను. దీని మీద ఏముందని అడుగుతాను. వెలుతురుకు పట్టి చూస్తారు, అటూ ఇటూ తిప్పుతారు. ఏమీ లేదు సార్, తెల్ల కాగితం అంటారు.

అప్పుడు నేను చదివి వినిపిస్తాను. స్టేజీ ఛత్రినాక. ఫుల్ టికెట్ ఒకటి. కింద యాదగిరి నంబర్. ఆ నంబర్ తీసెయ్యమన్న రోజున నేను తీయలేదు.